కొండ దిగిన కాఫీ గింజ

ఉగాది వచ్చిందంటే మన ఇళ్ళలో ఏడాది సరుకు సమకూర్చుకొనే రోజులు వచ్చినట్లే. కొత్త చింతపండు గింజ తీయించి, ఉప్పు వేసి కుండల కెత్తడం, మిరపకాయలు ఎండబెట్టడం, కందులు బాగుచేసి గాదెలో పోయడం మన అమ్మమ్మల కాలం నుండి చైత్ర వైశాఖాల పని. మళ్ళీ ఉగాది దాకా ఇల్లు ఎవరి ముందూ చేయి చాపకుండా నడవాలన్నదే ఆ పనిలోని మర్మం. కోయంబత్తూరు సీమలో స్థిరపడిన తెలుగువారి ఇళ్ళలో ఈ జాబితాకు ఇంకొక సరుకు చేరినది. అది వేయించని పచ్చి కాఫీ గింజ. మనవారు దీనిని తమిళపు మాటతో కాఫీ కొట్ట అని కూడ అంటారు. నీలగిరి వాలు తోటలలో కార్తీక మార్గశిరాలలో కోత మొదలై, ఆ పంట ఎండి, పొట్టు వదలి, బజారుకు దిగేసరికి ఇంచుమించు ఉగాది పొద్దే అవుతుంది. అందుచేత కొత్త చింతపండు వెంబడే కొత్త కాఫీ గింజ కూడ ఇంట అడుగుపెట్టేది.

ఇటువంటి సంచికలలో మనం నాయకరాజులను గురించి, పాళెగాండ్రను గురించి, మిల్లులు కట్టిన మహనీయులను గురించి వ్రాసుకుంటూ వచ్చినాము. అది తగిన పనే. గాని ఒక గింజను ఏడాది పొడుగునా చెడకుండా నిలిపిన విద్యను గురించి, ఆ విద్య తెలిసిన చేతులను గురించి కూడ నాలుగు మాటలు వ్రాసి ఉంచడం మన విధి అని మాకు తోచినది. కొండ కింది మేట్టుపాళయం నుండి ఆ కథ మొదలుపెడతాము.

మేడు అంటే తమిళంలో మిట్ట. మిట్టమీది పాళెమే మేట్టుపాళయం. ఉత్తరాన నీలగిరి గోడవలె నిలిచి ఉంటుంది. ఊరి పక్కగా భవానీ నది పారుతుంది. కొండ అంచున కల్లారు దాటితే దారి పైకే. 1529 ప్రాంతాన విశ్వనాథ నాయకుడు మధుర పాలనకు వచ్చిన తరువాత, అంతకు ముందు విజయనగరపు దండులతోనూ, తెలుగు కుటుంబాలు ఈ కొంగునాటికి, మధుర సీమకు తరలివచ్చినవి. వారిలో కమ్మవారు, బలిజలు, దేవాంగులు, కంబళత్తు నాయకులు, అరుంధతీయులు మొదలైన అనేక కులాలవారు ఉన్నారు. ఇక్కడి వాన తక్కువ. పడమటి కనుమల చాటున ఉండడంచేత కోయంబత్తూరు మైదానానికి సాలుకు 600, 700 మిల్లీమీటర్లకు మించి వాన దక్కడం అరుదు. నల్లరేగడిలో ప్రత్తి, మెట్టలో జొన్న, సజ్జ పండించుకొని, పండినదానిని పాతరలలో, గాదెలలో దాచుకొని, వాన తప్పిన సంవత్సరం దానిమీద బ్రతికినవారు మన పూర్వులు. దాచడం రానివాడు ఈ నేలమీద నిలవలేదు.

ఈ పొడినేలే తరువాత కాఫీకి కూడ అక్కరకు వచ్చినది. బాబా బుదాన్ అనే సాధువు మక్కా యాత్రనుండి వస్తూ ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటినాడని జనం చెప్పుకుంటారు. తోటల వ్యవసాయంగా మాత్రం కాఫీ నీలగిరి, వయనాడులలో వ్యాపించినది 19వ శతాబ్ది మధ్యభాగంలో. పండు కోసి, తోలు తీసి, జిగురు పోయేదాకా పులియబెట్టి, కడిగి ఎండబెడితే గింజమీద కాగితంవంటి ఒక పొర మిగులుతుంది. అదే పార్చ్‌మెంటు కాఫీ. పండును పండుగానే ఎండబెట్టితే అది చెర్రీ కాఫీ. రెండింటికీ ఎండ కావాలి, పొడిగాలి కావాలి. కొండమీద ఉన్నది పొగమంచు. అక్కడ ఎంత ఆరబెట్టినా రాత్రికి మళ్ళీ గింజ తేమ తాగుతుంది. కనుక తోటవారు పొరతోనే గింజను గోనెలకెత్తి కిందికి దింపి, మైదానంలో మళ్ళీ ఆరబెట్టించి, పొర తీయించి, పరిమాణాన్ని బట్టి వేరుచేయించేవారు. 1861లో రాబర్ట్ స్టేన్స్ అనే దొర కోయంబత్తూరులో పెట్టిన వ్యాపారానికి పునాది ఇటువంటి కాఫీ శుద్ధి పనే. మిల్లుల నగరమని పేరుపడ్డ ఆ ఊరిలో ఆయన ప్రత్తి మిల్లు వచ్చినది ఆ తరువాత, 1888లో. కోయంబత్తూరు యంత్రపు చప్పుడులో కాఫీ గింజ చప్పుడు కూడ తొలినుండీ ఉన్నదని మనం మరువరాదు.

కొండనుండి గింజ దిగే వాకిలి మేట్టుపాళయం. మొదట ఎడ్లబండ్లు, పొతెద్దులు, మనుషుల నెత్తులు. 1873లో పోదనూరునుండి మేట్టుపాళయానికి రైలు వచ్చినది. అప్పటికే పోదనూరు మద్రాసునుండి మలబారు తీరపు బేపూరుకు పోయే లైనులో ఉన్నది. దానితో నీలగిరి గింజకు ఓడరేవు దగ్గరైనది. 1899లో పండ్లపట్టాల రైలు మేట్టుపాళయం నుండి కూనూరు ఎక్కినది, 1908లో ఉదకమండలం చేరినది. 2005లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వంగా గుర్తించిన తరువాత విహారానికి వచ్చేవారు దానిని బొమ్మరైలు అని ముద్దుగా పిలుస్తున్నారు. గాని ఆ లోయలో బరువులు ఎక్కించడం, దించడం చిన్న ఆట కాదని ఆ ఊరి పెద్దలకు తెలుసు.

ఆ బరువు మోసినవారెవరు? ఇక్కడ మనం కొంత సిగ్గుపడవలసి ఉన్నది. నీలగిరి, ఆనమలై తోటలకు కోయంబత్తూరు మైదానంనుండి మేస్త్రీలు ముందుగా డబ్బు ఇచ్చి కూలీలను తీసికొనిపోయేవారు. ఆ కూలీలలో తెలుగు ఇంటిభాషగాగల అరుంధతీయులు కూడ ఉన్నారు. అడ్వాన్సు తీసికొన్న కూలి పని విడిచిపోతే శిక్షించే చట్టం 1859లో వచ్చినది. 1903లో మద్రాసు ప్రభుత్వం తోటకూలీలకని ప్రత్యేకంగా ఇంకొక చట్టం చేసినది. 1859 నాటి చట్టం రద్దుకు 1925 దాకా ఆగవలసివచ్చినది. తోటకూలీలకు ఇల్లు, వైద్యం, బడి యజమాని బాధ్యత అని చెప్పే చట్టం 1951లో గాని రాలేదు. మన ఇంటి గాదెలో కాఫీ గింజ నిలువ ఉన్న రోజులలో, ఆ గింజ కోసిన తెలుగు ఇంట మరునాటి గంజికి నూకలు నిలువ లేవు. వారూ మన భాష మాట్లాడినవారే. వలస తెలుగువారి చరిత్ర అని వ్రాసుకున్నప్పుడు వారి పేరు లేకపోతే ఆ చరిత్రలో ఒక పుట చిరిగినట్లే.

ఇక కాఫీ మన ఇళ్ళలో ఎట్లా చేరినదో చూతాము. ఉదయం పూట మనకు ఉన్నది చద్దన్నం, తరవాణి, సజ్జ అంబలి. 19వ శతాబ్ది చివరనుండి పట్నపు ఇళ్ళలో, తరువాత పల్లెలలో కాఫీ వాటి చోటు ఆక్రమించినది. ఇది దొరల పానీయమని, ఒళ్ళు చెడుతుందని పెద్దలు మందలించినారు. మందలించిన పెద్దలే కొన్నాళ్ళకు లోటా పట్టుకొని కూర్చున్నారు. మధుర వైపు తెలుగువారికి పళని కొండల కాఫీ దగ్గర. కంబళత్తు నాయకుల జమీగా పేరుపొందిన బోడినాయకనూరు ఏలకులకు, కాఫీకి బజారైనది. కోయంబత్తూరు వైపువారికి నీలగిరి, ఆనమలై గింజలు.

పొడి కొనకుండా గింజే ఎందుకు కొనేవారంటే దానికి రెండు కారణాలు. మొదటిది నమ్మకం. పొడిలో ఏమి కలిసినదో కన్నుకు తెలియదు. వేయించిన చింతగింజల పొడి, ఖర్జూరపు గింజల పొడి కలిపే మోసగాళ్ళు ఉండేవారు. చికోరీ కలపడం న్యాయమేగాని, ఎంత కలిపినామో చెప్పాలి, కాఫీ నూటికి 51 వంతులకు తగ్గరాదు అని తరువాత నిబంధన వచ్చినది. చన్నీళ్ళ గ్లాసుమీద పొడి చల్లి చూడడం మన ఇళ్ళలో పరీక్ష. కాఫీ కాసేపు తేలుతుంది, చికోరీ వెంటనే మునిగి గోధుమరంగు చారలు విడుస్తుంది. రెండవది నిలువ. పచ్చి గింజ జాగ్రత్తగా ఉంచితే ఏడాది నిలుస్తుంది. వేయించిన గింజ కొన్ని వారాలలో సువాసన పోగొట్టుకుంటుంది. పొడి చేసినది కొన్ని రోజులలోనే చప్పబడుతుంది. వేయించినప్పుడు గింజలో పుట్టిన ఆవిరులూ వాసనలూ అప్పటినుండీ బయటికి పోతూనే ఉంటాయి. పొడి చేస్తే వాటికి వేయి వాకిళ్ళు తెరిచినట్లే.

ఇది మన ఒక్కరి ఆచారమని అనుకోనక్కరలేదు. కాఫీకి పుట్టినిల్లయిన ఇథియోపియాలో నేటికీ చుట్టం ఎదుటనే పచ్చి గింజ వేయించి, దంచి, కాచి పోస్తారు. అమెరికాలో కూడ 1860 దాకా ఇంటింటా గింజ కొని పెనం మీద వేయించుకొనేవారు. ఆ తరువాత పిట్స్‌బర్గులోని ఆర్బకిల్ సోదరులు వేయించిన గింజకు గ్రుడ్డు, చక్కెర పూత పట్టించి, వాసన పోకుండా కాగితపు పొట్లాలలో అమ్మినారు. 1900లో హిల్స్ సోదరులు గాలి తీసిన డబ్బాలలో కాఫీ పెట్టినారు. అక్కడ పొట్లం గెలిచినది, ఇంటి పెనం అటకెక్కినది. మన దక్షిణాదిలో ఆ మార్పు ఎన్నో దశాబ్దాలు ఆలస్యంగా వచ్చినది.

ఇప్పుడు నిలువ చేసే విధానం చెబుతాము. మా పెద్దలు దుకాణంలో గింజ చేతికి తీసికొంటే మొదట రంగు చూచేవారు. కడిగి శుద్ధిచేసిన గింజ నీలం కలిసిన పచ్చగా ఉండాలి. పాలిపోయి తెల్లబడితే తేమ తగిలినదని అర్థం. తరువాత పంటికింద పెట్టేవారు. పన్ను దిగితే పచ్చితనం పోలేదు, వద్దు. గట్టిగా నిలిచి టక్కున విరగాలి. దోసిట పోసి కుదిపితే గలగలమనాలి. వాసన చూస్తే ఎండుగడ్డి, పచ్చి పప్పు వాసన రావాలేగాని ముక్క వాసన రారాదు. ఈనాడు యంత్రంతో కొలిచి, గింజలో తేమ నూటికి 10 నుండి 12 వంతులు ఉండాలని చెబుతారు. పన్ను, చెవి, ముక్కు చెప్పే మాటా ఇంచుమించు అదే.

ఇంటికి తెచ్చిన గింజను నీడలో చాపమీద ఒక పూట ఆరబోసి, నల్లబడినవి, విరిగినవి, పురుగు తొలిచినవి ఏరేవారు. ఏరడం పిల్లల పని. గుండ్రంగా ఒంటిగా ఉండే పీబరీ గింజ దొరికితే పిల్లలకు అది ముత్యమే. పండులో రెండు గింజలకు బదులు ఒకటే పెరిగితే ఆ గుండ్రదనం వస్తుంది. తరువాత గుడ్డసంచిలోగాని, శుభ్రమైన గోనెలోగాని పోసి, నేలకు తగలకుండా చెక్కపలకమీద, గోడకు జానెడు ఎడంగా పెట్టేవారు. నేల చెమ్మ, గోడ చెమ్మ గింజకు శత్రువులు. ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టరు, పొయ్యి పైన అటకమీద పెట్టరు. ఆరిపోయిన గింజకు రుచీ ఆరిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది పొరుగు. పచ్చి కాఫీ గింజకు పక్కవాని వాసన పట్టే గుణం ఉన్నది. ఇంగువ, ఎండుమిరప, ఉల్లి, సబ్బు, కిరసనాయిలు ఉన్న గదిలో దానిని పెట్టరాదు. బియ్యంలో, పప్పులో పురుగు పట్టకుండా మన ఇళ్ళలో వేపాకు వేస్తారు. కాఫీలో మాత్రం వేయరు, గింజకు ఆ వాసన అంటుకుంటుంది గనుక. పురుగు రాకుండా ఉండడానికి మందు పొడితనమే. కాఫీ గింజను తొలిచే చిన్న గోధుమరంగు పెంకుపురుగు తేమ ఎక్కిన గింజలోనే బాగా పెరుగుతుంది. మాలో ఒకరి ఇంట ఒక సంవత్సరం గింజసంచి పక్కన దీపపు నూనె డబ్బా పెట్టినారు. ఆ ఏడాదంతా వారింటికి పోయిన చుట్టాలు మర్యాదకు ఒక గుక్క తాగి, తక్కినది పెరటి అరటిచెట్టుకు పోసినారు.

వారానికొకసారి వేయించడం. ఇనుప బాణలి, బొగ్గుల కుంపటి, కదలకుండా నిలిచే ఓపిక కావాలి. చేయి ఆగితే గింజ ఒకవైపు మాడుతుంది. పచ్చన పసుపై, పసుపు దాల్చినచెక్క రంగై, చిటపట మొదలైన తరువాత కన్ను తిప్పరాదు. నూనె మెరుపు తేలకముందే చేటలోకి దింపి, ఊదుతూ చెరిగితే వెండిపొర ఎగిరిపోతుంది. కిలో పచ్చి గింజకు 800 నుండి 850 గ్రాములు మిగులుతుంది. ఒక రాత్రి ఆగి, బల్ల అంచుకు బిగించిన చేతిమిల్లులో ఆ పూటకు చాలినంత మాత్రమే విసిరేవారు. ఈ విద్యకు పుస్తకం లేదు. అత్తనుండి కోడలికి, తల్లినుండి కూతురికి చేతిమీదుగా వచ్చినది. చరిత్ర వ్రాసిన మగవారు తాగినారేగాని దీనిని అడిగి వ్రాసుకోలేదు.

మాలో ఒక కుటుంబం ఉద్యోగరీత్యా బొంబాయి చేరినది. ఎప్పటివలెనే ఏడాదికి చాలిన గింజ మేట్టుపాళయం నుండి మూటగట్టి తీసికొనిపోయినారు. ఒక్క వానకాలంలో గింజ ఉబ్బి తెల్లబడినది. దుకాణదారు మోసం చేసినాడని ఇంటాయన జాబు వ్రాసినారు. ఊరిలో ఉన్న ముసలమ్మగారు, గింజ మారలేదు నాయనా, గాలి మారినది అని జవాబు వ్రాయించినారు. ఆ తరువాత వారు రెండు నెలలకు చాలినంతే తెప్పించుకొని, బాగా ఆరినదని తేల్చుకొని, బిగువు మూత డబ్బాలో పెట్టుకొన్నారు. కడలి ఒడ్డు ఊళ్ళలో ఉన్న మన సోదరీమణులందరికీ ఈ జవాబే మేలైన ఉపదేశం.

విచిత్రమేమంటే మన ఇంట తప్పు అయినదే మరొకచోట ఘనత అయినది. తెరచాప ఓడల కాలంలో మలబారు కాఫీ ఆఫ్రికా చుట్టి ఐరోపా చేరడానికి నెలలు పట్టేది. ఓడ అడుగున తేమకు గింజ ఉబ్బి పసుపుబారి, పులుపు తగ్గి, వేరొక రుచి పట్టేది. 1869లో సూయజు కాలువ తెరచి, ప్రయాణం తగ్గి, గింజ పచ్చగానే చేరడంతో ఆ రుచికి అలవాటుపడినవారు చిన్నబోయినారు. అప్పుడు పడమటి తీరంలో గింజను కావలెనని వానకాలపు గాలికి పరచి, ఆ రుచి తెప్పించడం నేర్చినారు. దానికే మాన్సూన్డ్ మలబార్ అని పేరు. తేమ తనంతట వస్తే చేటు, తెలిసి తెచ్చుకొంటే విద్య.

నిలువ అన్నది వంటింటి మాటగానే ఆగదు. రెండవ ప్రపంచయుద్ధంలో ఐరోపా బజార్లు మూతపడినప్పుడు దేశంలో కాఫీ గింజ పేరుకుపోయినది. 1940లో ఆర్డినెన్సు, 1942లో కాఫీ చట్టం వచ్చి, తోటవారు ఇంటి వాడుకకు, విత్తనానికి తప్ప తక్కిన పంటంతా కాఫీ బోర్డు పూలుకు అప్పగించవలసినదయినది. బోర్డు నిలువచేసి, వేలం వేసి, వచ్చిన డబ్బు వాయిదాలలో పంచేది. ధర పడిపోకుండా అది కాపాడినది. డబ్బు ఆలస్యమవుతున్నదని చిన్న రైతు గొణిగినాడు. 1992 మొదలు ఆ కట్టు సడలి, 1996లో పూర్తిగా తొలగినది. గింజ రైతుదే, అమ్మే వేళా రైతుదే అన్నారు. తరువాత నాలుగైదేళ్ళకే ప్రపంచపు ధర కూలినప్పుడు ఒక నిజం బయటపడినది. పొడి కొట్టు, చేతిలో కాస్త డబ్బు ఉన్నవాడు గింజ దాచి ఆగగలిగినాడు. అవి లేనివాడు వచ్చిన ధరకు తెగనమ్ముకొన్నాడు.

మన మాతృదేశంలో కూడ ఇదే పాఠం. 19వ శతాబ్ది చివర పాములేరు లోయలో మొదలైన తెలుగునాటి కాఫీ, తరువాత అరకు, చింతపల్లి మన్యానికి పాకినది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు దక్కినది. దానిని పండించేది గిరిజన కుటుంబాలు. ఇల్లు చిన్నది, మన్యపు వాన పెద్దది. గింజ ఆరబెట్టుకొనే కళ్ళము, నిలువ ఉంచుకొనే గది ఉంటేనే ఆ పేరు వారి చేతికి డబ్బుగా అందుతుంది. గిరిజన సహకార సంస్థ, రైతుల సంఘాలు కొనుగోలుకు ముందుకు రావడంలోని విలువ అక్కడే ఉన్నది. దాచుకోగలవాడే ధర అడగగలడు. కోయంబత్తూరు మెట్టరైతు పాతర తవ్వినప్పుడు గ్రహించిన సత్యం ఇదే.

ఇప్పుడు మన ఇళ్ళలో బాణలి చల్లబడినది. వీధి మొగలో యంత్రంతో వేయించి విసరి ఇచ్చే దుకాణం ఉన్నది, నీళ్ళలో కలిపే పొడి ఉన్నది. మేడలమీది ఇళ్ళలో పొగ వస్తే పక్కవారు తలుపు తడతారు. పాత రోజులే మేలని మేము అనము. కుంపటి ముందు గంటసేపు నిలిచిన తల్లుల కళ్ళ మంట మేము చూచినాము. గాని ఈ విద్య తెలిసిన పెద్దలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. ఈ ఉగాదికి పిల్లలను వారి దగ్గర కూర్చుండబెట్టి, ఒక గుప్పెడు పచ్చి గింజ చేతిలో పోయించి, రంగు, వాసన, చప్పుడు నేర్పించండి. తోటకు పోయిన తెలుగు కుటుంబాలవారు మీ ఎరుకలో ఉంటే, వారి పెద్దలు చెప్పిన మాటలు కూడ వారి పలుకులోనే వ్రాయించండి. అవి వచ్చే సంచికలలో అచ్చు కావాలని మా కోరిక.

ఉగాది పచ్చడిలో చేదుకు చోటిచ్చిన జాతి మనది. వేపపూవు చేదు తరువాత కాఫీ చేదు మన నాలుకకు కొత్త కాలేదు. ఆ చేదు వెనుక ఉన్న చేతులన్నిటినీ తలచుకొని, ఈ పండుగనాటి కాఫీ తాగుదాము. పాఠక సోదరీ సోదరులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.